పురం లేని పౌరులు

మా ఆఫీసులో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చిన ఒకాయన పనిచేస్తాడు. పేరు చివర నాయుడు ఉంటుంది గానీ తెలుగు రాదు. ఇంట్లో ముసలివాళ్ల నోట విన్న ఓ పది మాటలు మాత్రం మిగిలాయి. పోయిన చలికాలంలో ఓ మధ్యాహ్నం, భోజనాల దగ్గర, ఫోన్ తీసి ఒక పాత రిజిస్టరు పేజీ ఫొటో చూపించాడు. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీగా, డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్లిన వాళ్ల ముత్తాత వివరాలవి. వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. జిల్లా గడిలో విశాఖపట్నం. గుర్తుల గడిలో కుడి మోకాలి కింద గాటు. ఊరి గడిలో ఉన్న మాటను రాసినవాడెవరో తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. "ఇది ఏ ఊరై ఉంటుందంటావ్?" అని అడిగాడు.

వెంటనే చెప్పలేకపోయాను. నా చూపు ఊరి పేరు దగ్గర కాకుండా మోకాలి గాటు దగ్గర ఆగిపోయింది. అంతకు రెండు వారాల ముందే నేను పర్మిట్ రెన్యువల్ కోసం వేలిముద్రలు ఇచ్చి వచ్చాను. ముందు కుడిచేతి నాలుగు వేళ్లు, తర్వాత ఎడమచేతివి, చివర రెండు బొటనవేళ్లు. చలికి నా వేళ్లు ఎండిపోయి గీతలు సరిగా పడలేదు. మెషిన్ మూడుసార్లు కాదంది. కౌంటర్ దగ్గరి ఉద్యోగి ఏమీ అనకుండా నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ గాజు మీద నొక్కింది. మర్యాదగానే నొక్కింది. కానీ నా వేలు నా మాట మీద కదలడం లేదన్న ఆ అర నిమిషం నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ అర నిమిషం గురించే 1906లో జొహానెస్‌బర్గ్‌లో మూడు వేలమంది ఒక థియేటర్లో కూర్చుని మాట్లాడుకున్నారు. జొహానెస్‌బర్గ్ ఉన్న ట్రాన్స్‌వాల్ అనే బ్రిటిష్ వలస ప్రాంతపు ప్రభుత్వం ఒక చట్టం ముసాయిదా తెచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి భారతీయుడూ పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఒంటిమీది గుర్తులు రాయించుకోవాలి, పోలీసు అడిగినప్పుడల్లా కాగితం చూపించాలి. సెప్టెంబర్ 11న ఎంపైర్ థియేటర్లో జరిగిన ఆ సభలో హాజీ హబీబ్ అనే వ్యాపారి, ఇది మామూలు తీర్మానంగా కాదు, దేవుడి సాక్షిగా చెయ్యాలని పట్టుబట్టాడు. గాంధీ లేచి, ప్రమాణమంటే ఏమిటో, రేపు పక్కవాడు వెనక్కి తగ్గినా మనం ఒంటరిగా నిలబడగలమో లేదో ఆలోచించుకోమన్నాడు. అందరూ లేచి నిలబడి చేతులెత్తారు.

ఈ దృశ్యం చదివిన ప్రతిసారీ నాకు పాత గ్రీకు నగరం ఏథెన్స్ గుర్తొస్తుంది. అక్కడ ప్నిక్స్ అనే గుట్ట మీద పౌరులు చేరి, చేతులెత్తి, యుద్ధమో సంధో పన్నో నిర్ణయించుకునేవాళ్లు. జొహానెస్‌బర్గ్‌లో చేతులెత్తిన వాళ్లలో ఒక్కరికీ అక్కడ ఓటు లేదు. అయినా పౌరులు చేసే పనే చేశారు.

"గ్రీకుల గొడవ మనకెందుకు, మనకు లిచ్ఛవులు లేరా, వజ్జి గణాలు లేవా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఉన్నాయి. బుద్ధుడి కాలంలో సభ పెట్టుకుని తమ పనులు తామే నిర్ణయించుకున్న ఆ గణాల మీద గౌరవమూ ఉంది. కానీ మనల్ని ఏలినవాళ్లు వజ్జి గణాల గురించి చదువుకుని ఇక్కడికి రాలేదు. 1855లో మొదలైన సివిల్ సర్వీస్ పోటీ పరీక్షలో గ్రీకుకు 750 మార్కులు, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబీకి 375. కలెక్టరై వచ్చే కుర్రాడికి మన భాష కంటే ప్లేటో భాష రెట్టింపు అవసరమని ఆ అంకెలే చెబుతున్నాయి. వాళ్లు తమను తాము ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ వారసులుగా చూసుకున్నారు. ఆ పెరిక్లీసే, ప్రజల పనుల్లో పాలుపంచుకోనివాణ్ణి మేము నెమ్మదస్తుడు అనం, పనికిరానివాడు అంటాం అన్నాడని చరిత్రకారుడు తూసిడిడీస్ రాశాడు. ఈ మాట చదువుకున్నవాళ్లే 30 కోట్ల మందిని ఏ పనిలోనూ పాలుపంచుకోనివ్వకుండా కూర్చోబెట్టారు. వాళ్లు నమ్మిన పుస్తకంతోనే వాళ్లను నిలదీయడం నాకు న్యాయమైన వాదం అనిపిస్తుంది.

అసలు మన మాటలోనే గ్రీకువాళ్ల మాట ఉన్నట్టుంటుంది. వాళ్లకు ఊరు పోలిస్, ఆ ఊరికి చెందినవాడు పొలీతేస్. మనకు పురం, దాని నుంచి పౌరుడు. అచ్చం అదే కట్టుబడి. దీని పక్కన మనం రోజూ వాడే ఇంకో రెండు మాటలు పెట్టి చూడండి. ప్రజ అంటే నిఘంటువులో మొదటి అర్థం సంతానం. రాజు తండ్రి, మనం పిల్లలం. రైతు అనేది రయ్యత్ నుంచి వచ్చింది, దానికి అర్థం ఏలుబడిలో ఉన్నవాడు. పొలం దున్నే మనిషికి మనం పెట్టుకున్న పేరులోనే పాలితుడు అన్న ముద్ర ఉంది. ప్రజగా, రయ్యతుగా ఉన్నవాళ్లు పౌరులు కావడమనే ప్రయాణమే స్వాతంత్ర్య పోరాటమని నేను అనుకుంటాను. జెండా మారడం అందులో ఒక భాగం మాత్రమే.

పౌరుడు అంటే ఎవరు? అరిస్టాటిల్ ఈ ప్రశ్న చాలా నేరుగా వేసుకున్నాడు. ఒకచోట నివసించినంత మాత్రాన పౌరుడు కాడు, పరదేశులూ బానిసలూ కూడా అక్కడే నివసిస్తారు కదా అన్నాడు. తీర్పు చెప్పడంలో, అధికారం నడపడంలో పాలు ఉన్నవాడే పౌరుడు అని తేల్చాడు. ఇంత గట్టిగా గీత గీసిన మనిషి ఏథెన్స్‌లో పౌరుడు కాడు. ఉత్తరాన స్టాగిరా నుంచి వచ్చి అక్కడ బడి నడుపుకున్న పరదేశి. అక్కడివాళ్లు అలాంటివాళ్లను మెటిక్ అనేవాళ్లు. మెటిక్‌కు సభలో చెయ్యెత్తే హక్కు లేదు, భూమి కొనే హక్కు మామూలుగా లేదు. తన తరఫున నిలబడే పౌరుడొకణ్ణి చూపించుకోవాలి. గల్ఫ్‌లో మన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లకు, పూచీపడే కఫీల్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏర్పాటు ఎంత పాతదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మెటిక్ ఏటా తలపన్ను కట్టాలి. మగవాడికి 12 ద్రక్మాలు, ఒంటరిగా బతికే ఆడదానికి 6. నేర్పున్న పనివాడికి రోజు కూలి దాదాపు ఒక ద్రక్మా, అంటే ఏడాదిలో పన్నెండు రోజుల కష్టం. కట్టకపోతే బానిసగా అమ్మేసేవాళ్లు. ఇప్పుడు నాటాల్ లెక్క చూడండి. ఒప్పందం ముగిసినా ఇండియాకు తిరిగి పోకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా ఉండిపోయిన కూలీ ఏటా మూడు పౌన్లు కట్టాలని 1895లో చట్టం చేశారు. తర్వాత పదహారు దాటిన కొడుక్కి వేరే మూడు పౌన్లు, పదమూడు దాటిన కూతురికి వేరే మూడు పౌన్లు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి 12 పౌన్లు. ఆ మగవాడి సంపాదన నెలకు 14 షిల్లింగులు దాటేది కాదని గాంధీ రాశాడు. ఏడాదికి 168 షిల్లింగులు, పౌనుకు ఇరవై షిల్లింగుల లెక్కన ఎనిమిది పౌన్ల మీద కాస్త. పన్ను ఆ సంపాదన కంటే ఎక్కువ! కట్టలేనివాడు మళ్లీ తోటలోకి పోయి ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యాలి. పన్ను ఉద్దేశమే అది. రెండు వేల ఏళ్ల కిందటి బానిసల రాజ్యం కూడా పరదేశి దగ్గర పన్నెండు రోజుల కూలి తీసుకుని ఊరుకుంది.

నేనూ ఈ దేశంలో మెటిక్‌నే. పన్ను కడతాను, ఓటు లేదు, ఉండనిచ్చే కాగితం ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఆ రెన్యువల్ టెన్షన్ తెలియని తెలుగు ఇల్లు ఇక్కడ లేదు. కానీ ఆ పేజీలో ఉన్న మనిషితో నన్ను నేను పోల్చుకోను. నాకు వెనక్కి వెళితే నా ఊరుంది, అక్కడ నా ఓటుంది. ఆయనకు నాటాల్లోనూ లేదు, సొంత ఊళ్లోనూ లేదు. ఆయన వదిలొచ్చిన విశాఖపట్నం జిల్లాలో కూడా ఆయన ప్రజే. అసలు పురమే లేని మనిషి పౌరుడు ఎలా అవుతాడు? అరిస్టాటిల్ దగ్గర దీనికి జవాబు లేదు. 

జవాబు వెతికినవాడు గాంధీ, అదీ సోక్రటీస్ సాయంతో. దీని గురించి మనవాళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 1908 జనవరిలో గాంధీ ఆ నమోదు చట్టం కిందే జైలుకు పోయాడు. నెలాఖరుకు ట్రాన్స్‌వాల్ మంత్రి స్మట్స్‌తో రాజీ కుదిరింది. చట్టం బలవంతంతో కాకుండా మీ అంతట మీరే నమోదు చేయించుకోండి, చట్టం రద్దు చేస్తాం అన్నది దాని సారాంశమని గాంధీ నమ్మాడు. బలవంతంగా ఇస్తే వేలిముద్ర బానిసత్వం, ఇష్టంగా ఇస్తే మర్యాద అని తనవాళ్లకు చెప్పుకొచ్చాడు. చాలామందికి ఈ తేడా మింగుడు పడలేదు. ఫిబ్రవరి 10న నమోదు ఆఫీసుకు వెళుతుంటే మీర్ ఆలం అనే పఠాను, గాంధీ క్లయింటే, దారిలో ఆపి ఎక్కడికని అడిగాడు. పది వేళ్ల ముద్రలు ఇవ్వడానికి అన్నాడు గాంధీ. కర్ర తల మీద పడింది. స్పృహ వచ్చాక, పాదరీ డోక్ ఇంట్లో పడుకుని ఉండగానే, కాగితాలు తెప్పించుకుని పది వేళ్లూ అద్దాడు.

ఆ దెబ్బలు తిన్న రెండు నెలలకు, ఏప్రిల్‌లో, గాంధీ నడిపిన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో గుజరాతీలో ఒక ధారావాహిక మొదలైంది. పేరు 'ఏక్ సత్యవీర్‌నీ కథా'. క్రీ.పూ. 399లో సోక్రటీస్ ఏథెన్స్ న్యాయస్థానంలో చెప్పుకున్న సంజాయిషీని ప్లేటో రాస్తే, దాని సారాన్ని గాంధీ తనవాళ్ల కోసం గుజరాతీలో పెట్టాడు. సోక్రటీస్‌ను ఏ పారశీక చక్రవర్తీ చంపలేదు, తన ఊరి జ్యూరీయే చంపింది. ఇంకో 30 ఓట్లు అటు పడి ఉంటే బతికేవాడు. గాంధీ ముందుమాటలో ఆయన తన సొంత జనం మీద సత్యాగ్రహం చేసినవాడని రాశాడు. మన జబ్బు లోపల ఉంటే పైపై మందులు, కాంగ్రెస్ సభలు, అతివాదం ఏవీ పనిచెయ్యవని, లోపలా బయటా శుభ్రపడ్డ ఒంటికి బ్రిటిష్ అణచివేత అనే క్రిమి సోకదని కూడా రాశాడు. తనవాళ్ల కర్ర తలమీద పడ్డ రెండు నెలలకు రాసిన మాటలివి. నాకైతే ఆ ధారావాహిక స్మట్స్ కోసం రాసినట్టు అనిపించదు. మీర్ ఆలం కోసం రాసినట్టు అనిపిస్తుంది.

ఇక్కడే నా వాదన ఉంది. గ్రీకు ఆలోచనలో పౌరుడికి ముందు పురం ఉండాలి. గాంధీ వరస తిరగేశాడు. ముందు పౌరుడిలా బతకడం నేర్చుకోవాలి, తనవాళ్ల ముందు కూడా నిజం చెప్పే ధైర్యం తెచ్చుకోవాలి. అలాంటివాళ్లు నలుగురు చేరితే వాళ్లే పురం. అదే ఏడాది ఆగస్టు 16న అది కళ్లకు కట్టింది. చట్టం రద్దు కాలేదు. జొహానెస్‌బర్గ్ హమీదియా మసీదు ఆవరణలో మూడు కాళ్ల ఇనుప బాన పెట్టి, రెండు వేలకు పైగా నమోదు పత్రాలు అందులో వేసి, కిరసనాయిలు పోసి అంటించారు. మీర్ ఆలం ముందుకొచ్చి, తనది తప్పయిందని చెప్పి, తన పాత పత్రం ఇచ్చాడు. గాంధీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పురం పుట్టిన క్షణమేదని అడిగితే నేను ఈ క్షణాన్నే చూపిస్తాను.

రెండేళ్లకు, 1910లో, బొంబాయి ప్రభుత్వం గాంధీ గుజరాతీ పుస్తకాలు కొన్నిటిని నిషేధించింది. హింద్ స్వరాజ్‌తో పాటు సోక్రటీస్ కథ కూడా ఆ జాబితాలో ఉంది. 750 మార్కుల కోసం ప్లేటోను గ్రీకులో చదువుకున్నవాళ్ల ప్రభుత్వం ప్లేటో గుజరాతీలోకి వచ్చేసరికి జప్తు చేసింది. వాళ్లకు ఆ పుస్తకం బాగానే అర్థమైందన్నమాట.

అయితే సోక్రటీస్‌తో ఒక చిక్కుంది. న్యాయస్థానంలో మీ మాట కంటే దేవుడి మాటే వింటాను అన్న మనిషి, జైలు నుంచి పారిపొమ్మని మిత్రుడు క్రైటో బతిమాలితే కదల్లేదు. ఏథెన్స్ చట్టాలే వచ్చి తనతో మాట్లాడుతున్నట్టు చెబుతాడు. నిన్ను కన్నాం, పెంచాం, చదివించాం. నచ్చకపోతే నీ సామాను తీసుకుని ఎక్కడికైనా పొమ్మని తలుపు తెరిచే ఉంచాం. డెబ్భై ఏళ్లు నువ్వు పోలేదు, అంటే ఒప్పుకున్నట్టే కదా? ఇప్పుడు మాట తప్పుతావా? చట్టానికి లొంగి ఉండాలని చెప్పడానికి ఈ వాదనను ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. నాకు మాత్రం ఇందులో వలసపాలన మీద అతి గట్టి అభియోగం కనిపిస్తుంది. ఆ చట్టాలు తమ గొప్ప చెప్పుకోవడానికి చూపించిన కారణాల్లో ఒక్కటి కూడా బ్రిటిష్ చట్టానికి లేదు. కనలేదు, పెంచలేదు, ఒప్పుకున్నారా అని అడగలేదు. నచ్చకపోతే పొమ్మనడానికి ఊరు మనదే.

అయినా ఒకసారి మనవాళ్లు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నారు. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు ఎన్నో రెట్లు పెంచితే, నేతపని మీద బతికే ఆ ఊరు మాకీ మునిసిపాలిటీ వద్దంది. కట్టం అన్నవాళ్లను జైల్లో పెట్టారు. ఎడింబరోలో చదువుకుని వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకు నాయకుడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి, శాంతంగా పన్ను ఎగ్గొట్టి జైళ్లకు పోవడం ఒక దారి, ఊరే వదిలిపోవడం రెండో దారి అన్నాడు. చీరాల రెండోది పట్టుకుంది. పదిహేను వేల జనాభా ఉన్న ఊళ్లో అత్యధికులు మంచి ఎండల్లో ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపాలిటీ హద్దు దాటి, పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. దుగ్గిరాల కట్టిన వాలంటీర్ల దళం రామదండు కాపలా కాసింది. తగాదాలు తీర్చుకోవడానికి తమ పంచాయతీ తామే పెట్టుకున్నారు. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది. దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. హద్దు లోపల మునిసిపాలిటీ ఆఫీసు ఉంది, రికార్డులున్నాయి, పన్ను వేయడానికి మనుషులు లేరు. సిరక్యూజ్‌లో ఓడిపోయి వెనక్కి నడుస్తున్న సైనికులతో ఏథెన్స్ సేనాని నికియాస్ అన్నాడట, ఊరంటే మనుషులే, మనుషులు లేని గోడలు కాదు అని. చీరాల నేతగాళ్లకు నికియాస్ ఎవరో తెలియాల్సిన అవసరం లేకపోయింది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఏథెన్స్ పురం చుట్టూ కనపడని గోడ ఉంది. క్రీ.పూ. 451లో పెరిక్లీసే తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే పౌరుడని చట్టం చేయించాడు. ఆడవాళ్లకు సభ లేదు, బానిసలకు ఏమీ లేదు. కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు అరిస్టాటిల్. ఆ గోడ ట్రాన్స్‌వాల్‌లోనూ ఉంది. మొదట్లో పోరాటం వ్యాపారులది, చదువుకున్నవాళ్లది. మేము ఆఫ్రికన్లలాంటి వాళ్లం కాదు, మమ్మల్ని వాళ్లతో కలపొద్దు అని గాంధీ తొలినాళ్లలో రాసిన రాతలు ఉన్నాయి. వాటిని చదివితే బాధేస్తుంది, దాచి ప్రయోజనం లేదు. గోడ ఇవతలికి రావడం కోసం గోడను ఇంకా ఎత్తు చెయ్యమని అడిగిన మాటలవి. 1913లో బ్లూమ్‌ఫాంటైన్‌లో ఆఫ్రికన్ స్త్రీలు పాస్ కాగితాలు మోయబోమని తిరగబడి జైలుకు పోయారు. భారతీయులు మళ్లీ జైళ్లకు పోయిన ఏడాదీ అదే, దేశమూ అదే, కాగితమూ అదే రకం. ఇద్దరూ ఒకే సభలో కూర్చోలేదు.

గోడలో కొంత భాగమైనా కూల్చింది ఎవరంటే, ఆ ఏడాదే రోడ్డెక్కిన కూలీలూ ఆడవాళ్లూ. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని కోర్టు తీర్పు వచ్చింది. కస్తూర్బా జైలుకు పోయింది. టాల్‌స్టాయ్ ఫారం నుంచి తమిళ స్త్రీలు న్యూకాజిల్ బొగ్గుగనుల దగ్గరికి వెళ్లి, మూడు పౌన్ల పన్ను పోయేదాకా పనిలోకి దిగొద్దని కూలీలతో మాట్లాడారు. గనులు ఆగిపోయాయి. నవంబర్ 6న 2037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచారు. మనిషికి రోజుకు పౌనున్నర బరువు రొట్టె, ఔన్సు పంచదార. అప్పటిదాకా ఏ లెక్కలోనూ పౌరులు కానివాళ్లు వీళ్లు. కాగితం మీద ఒంటి గుర్తులు తప్ప వేరే ఉనికి లేనివాళ్లు. 1914లో ఆ పన్ను రద్దయింది.

మన దగ్గర ఆ గోడ గురించి అంబేడ్కర్ అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు. మహారాష్ట్రలో దళితులను దగ్గరికి రానివ్వని మహాడ్ చెరువు అందరిదీ అని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు ఉంది, నీళ్లలో లేదు. 1927 మార్చి 20న వేల మందితో నడిచి వెళ్లి ఆయన దోసిలితో ఆ నీళ్లు తాగాడు. ఈ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమని చెప్పడానికి వచ్చాం అన్నది ఆయన మాటల సారం. డిసెంబర్‌లో అక్కడే మనుస్మృతిని కాల్చారు. జొహానెస్‌బర్గ్ బానలో కాలిన కాగితాలు బయటివాడు రాసినవి. మహాడ్‌లో కాలింది మనం రాసుకున్నది. లోపలి జబ్బు గురించి సోక్రటీస్ కథ ముందుమాటలో గాంధీ రాసిన మాటలకు పూర్తి అర్థం నాకు మహాడ్‌లోనే దొరికింది, గాంధీ దగ్గర కాదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక పాత జిల్లా పటాలు తెరిచి కూర్చున్నాను. అప్పటి విశాఖపట్నం జిల్లా చాలా పెద్దది, ఇప్పటి విజయనగరం, పార్వతీపురం వైపంతా అందులోదే. ఆ స్పెల్లింగ్‌ను పైకి చదివాను, మా అమ్మకు ఫోన్ చేసి ఆమెతోనూ చదివించాను. "మొదటి అక్షరం బకారమేమో చూడు నాన్నా, వాళ్లు వకారాన్ని అలా రాసుంటారు" అంది. రాత్రి పదకొండయ్యేసరికి రెండు ఊళ్లు మిగిలాయి, ఒకదానికొకటి ఓ ఇరవై మైళ్ల దూరం. రెండూ పంపాను. ఆయన చాలాసేపటికి రాశాడు. ముత్తాత 1913లో నడిచినవాళ్లలో ఉన్నాడో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదట. వచ్చే డిసెంబర్‌లో రెండు ఊళ్లకూ వెళతానని, ఊళ్లోకి వెళ్లి ఎవరినైనా పలకరించాలంటే ఏమనాలో తెలుగులో రాసి పంపమని అడిగాడు.